సంగటి ముద్ద తూకం: అమ్మ షుగర్ ప్రాజెక్టు డైరీ

జూన్ 8, 2025, అనంతపురం

బడులు తెరవడానికి ఇంకా నాలుగు రోజులుంది. ఈ లోపల మొదలుపెట్టకపోతే మళ్లీ దసరా సెలవుల దాకా కుదరదు.

అమ్మకు 66 ఏళ్లు. షుగర్ వచ్చి పదకొండేళ్లు, బీపీ ఎనిమిదేళ్లు. మొన్న చేయించిన హెచ్‌బీఏ1సీ 8.6 వచ్చింది. రెండు మూడు నెలల షుగర్ సగటు చెప్పే పరీక్ష అది. ముందు రోజు ఒక పూట పస్తుండి దాన్ని ఏమార్చడానికి లేదు. పనిలో పనిగా నేనూ చేయించుకున్నాను: 6.1. 5.7 నుంచి 6.4 దాకా గట్టు మీద నిలబడ్డట్టు, 6.5 అయితే అవతల పడ్డట్టే. నాకు 43.

డాక్టర్ గారు "ఏమేం మందులు వాడుతున్నారమ్మా?" అంటే మా ఇంట్లోవాళ్లం ముగ్గురం మూడు జవాబులు చెప్పాం. అమ్మయితే "పొద్దున పొడుగుది ఒకటి, తెల్లది ఒకటి" అంది. ఆయన పెన్ను కింద పెట్టి నా వైపు చూశారు. నేను ఫిజికల్ సైన్స్ సారును. రికార్డు సరిగా రాయలేదని పిల్లలను నిలబెట్టేవాణ్ని.

అందుకే మొదటి పని ఫ్రిజ్ మీద కాగితం. పైన పెద్దక్షరాలతో "నోట్లోకి పోయేవన్నీ" అని రాశాను. డాక్టర్ రాసిందా, కొట్లో కొన్నదా, పక్కింటివాళ్లు ఇచ్చిందా అన్న తేడా లేదు. షుగర్‌కు గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిపిన గోలి రెండు పూటలా. బీపీకి టెల్మిసార్టాన్. రాత్రికి కొలెస్ట్రాల్ గోలి. ఇంకేమైనా ఉన్నాయా అని అరగంట అడిగితే మరో రెండు బయటికొచ్చాయి. బలానికని లేహ్యం రోజూ ఒక స్పూను. మోకాళ్లకని మెడికల్ షాపులో తెచ్చుకునే నొప్పి గోలి "ఎప్పుడన్నా ఒకటి". పది గోలీల షీటు వారానికే ఖాళీ అవుతోందని నా భార్య చెప్పింది.

కొన్నవి: గ్లూకోమీటరు, యాభై స్ట్రిప్పులు, చేతికి కట్టే బీపీ మిషను, వంటింటి డిజిటల్ కాటా, రెండు వందల పేజీల నోటు పుస్తకం. కిలో ఉప్పు ప్యాకెట్ విప్పి దాని మీద స్కెచ్ పెన్నుతో నేటి తేదీ వేశాను. అమ్మ "యాలరా ఉప్పుకి పుట్టినరోజు?" అంది.

జూన్ 14

వారం రోజులు బీపీ ఎట్లా చూడాలో నేర్చుకోవడానికే సరిపోయింది. మొదటి రోజు 168/94. పట్టీని జాకెట్ చేయి మీదనే కట్టాను, అమ్మ మంచం మీద కాళ్లు వేలాడేసుకుని కూర్చుంది, పైగా ఎదురింటివాళ్ల నీళ్ల మోటారు గొడవ చెబుతోంది. రెండో రోజు కుర్చీలో వీపు ఆనించి, పాదాలు నేల మీద మోపి, చేయి బల్ల మీద గుండె ఎత్తున పెట్టి, ఐదు నిమిషాలు నోరు మెదపకుండా కూర్చోబెట్టాను. 150/86. మనిషి అదే, మిషనూ అదే.

ఇప్పుడు పద్ధతి కుదిరింది. పొద్దున గోలి వేసుకోకముందు, మళ్లీ సాయంత్రం, ఒక్కోసారి నిమిషం తేడాతో రెండు రీడింగులు. మొదటి రోజు లెక్క తీసేసి సగటు కడితే 148/86. ఇంట్లో చూసుకునే బీపీకి హద్దు 135/85 అంటారు.

గ్లూకోమీటరునూ పరీక్షించాను. ఒకే చుక్కతో, వెంటవెంటనే మూడు స్ట్రిప్పులు: 162, 174, 158. మిషను పాడు కాలేదు. 100 పైన రీడింగుల్లో 15 శాతం అటూ ఇటూ తేడాను అంతర్జాతీయ ప్రమాణమే ఒప్పుకుంటుంది. కాబట్టి పది పాయింట్లు తగ్గితే పండగ చేసుకోవద్దు, పెరిగితే గొడవ పడొద్దు. ఇది నోటు పుస్తకం మొదటి పేజీలో రాసి గీత గీశాను. మూడు స్ట్రిప్పులు తగలేశానని ఇంట్లో మాట పడ్డాను.

జూన్ 21

యోగా దినం. నెల రోజులుగా యోగాంధ్ర అని ఊరంతా బ్యానర్లు. బళ్లో మా చేతా ఆసనాలు వేయించారు. అమ్మకు మోకాళ్ల వల్ల కింద కూర్చోవడం కాదు. ప్రాణాయామం చెప్పిస్తానంటే "ముక్కు మూసుకుని కూచునేంత పాపం నేనేం చేసినా" అంది.

2001లో ఇటలీ పరిశోధకుల వ్యాసం ఒకటి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. జపమాల ప్రార్థన గానీ మంత్రం గానీ వల్లిస్తుంటే ఊపిరి తనంతట తానే నిమిషానికి ఆరు సార్లకు దగ్గరగా వస్తుందని, ఆ వేగం గుండె లయకు మంచిదని అందులో ఉంది. సరే, అమ్మకు ముక్కు జోలి లేకుండా రామ జపమే పెట్టాను. గడియారం పట్టుకుని లెక్కేస్తే నిమిషానికి పదిహేను ఊపిరులు! పొయ్యి మీద పాలు పెట్టి వచ్చినట్టు జపం. ఊపిరి వదిలేటప్పుడు మాత్రమే, సాగదీసి అనమన్నాను. మూడో రోజుకు ఏడుకు దిగింది. పొద్దున పది నిమిషాలు, ఇదొక్కటీ పేచీ లేకుండా సాగుతోంది.

జూలై 2

ఉప్పు ప్యాకెట్ అయిపోయింది. 24 రోజులు. నలుగురం. వెయ్యి గ్రాములను 24తో, మళ్లీ నాలుగుతో భాగిస్తే మనిషికి రోజుకు 10.4 గ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది 5 గ్రాముల లోపు, అంటే ఒక చిన్న స్పూను. మా లెక్కలో కొనుక్కొచ్చిన ఊరగాయ, అప్పడాలు, బేకరీ మిక్చర్ లేవు.

కూరల్లో ఎక్కువేమీ లేదని నా భార్య వాదన. అది నిజమే. కాటా పెట్టి చూస్తే దొంగ ఊరిమిండిలో దొరికాడు. పచ్చిమిరపకాయలు, చెనిక్కాయ గింజలు, చింతపండు కలిపి నూరే ఒక్క గిన్నె ఊరిమిండికి 14 గ్రాములు. పొద్దున ఉగ్గానికి బొరుగులు నానబెట్టే నీళ్లలో ఒక గుప్పెడు, తాళింపులో మళ్లీ కొంత. మజ్జిగలో మరికొంత. ఉప్పు, కారం, పులుపు మూడూ పోటీ పడాలి మన సీమలో. ఒకటి తగ్గిస్తే మిగతా రెండూ కరుస్తాయి. అందుకని మూడూ కలిపి తగ్గించి, తెల్లగడ్డలు, నిమ్మకాయ, వేయించిన జీలకర్ర పెంచుతున్నాం.

సోడియం తక్కువ ఉప్పు ప్యాకెట్ ఒకటి తెచ్చాను. విప్పకముందు ఫోను చేసి అడిగితే డాక్టర్ గారు వద్దన్నారు. ఆ ఉప్పులో కొంత సోడియం బదులు పొటాషియం ఉంటుంది, టెల్మిసార్టాన్ ఒంట్లో పొటాషియాన్ని నిలబెట్టే మందు, కిడ్నీ పరీక్ష చూడకుండా ఆ రెండూ కలపొద్దన్నారు. మా కాగితానికి ఇదే మొదటి ఫలితం. ఆ ప్యాకెట్ నేనూ నా భార్యా వాడుకుంటాం.

జూలై 13

రాయడానికి చేయి ఆడడం లేదు, అయినా ఈ రోజే రాయాలి.

పొద్దున పదకొండుకు అమ్మ వరండాలో బియ్యం చెరుగుతోంది. చేట ఒక పక్కకు ఒరిగింది, బియ్యం కారిపోతున్నాయి, తను పట్టించుకోవడం లేదు. నుదుటి మీద చెమట, చేతులు వణుకు. "అమ్మా" అంటే "ఊఁ" అంది గానీ చూపు నా మీద లేదు. వేలు గుచ్చి చూస్తే 58.

70 కన్నా దిగితే ఏం చేయాలో చదివి ఉన్నాను కాబట్టి బతికాం. మూడు స్పూన్ల చక్కెర నీళ్లలో కలిపి తాగించాను. స్పృహ ఉంది, మింగగలదు కాబట్టి తాగించాను. మింగలేని మనిషికి నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోను చేయాలి. పదిహేను నిమిషాలకు 86. తర్వాత ఇంత రాగి జావ తాగి, "నాకేమయింది, యాల అందరూ నన్నే చూస్తాండారు?" అంది.

ఎప్పుడూ లేనిది ఎందుకు పడిపోయింది? తిండి మానలేదు, వేసుకున్న గోలి మర్చిపోయి మళ్లీ వేసుకోనూ లేదు. మధ్యాహ్నం నా కూతురు పూజ అరలో దీపం నూనె సీసా వెనక ఒక డబ్బా పట్టుకొచ్చింది. చీటీ లేదు, పేరు లేదు. మెంతులు, ఎండిన కాకర, పొడపత్రి కలిపిన పొడి అట. వీధిలోకి వచ్చినతని దగ్గర నెల కింద కొన్నది. నేను కాగితం రాస్తున్న రోజున కూడా అది అక్కడే ఉంది.

కోపం వచ్చింది. అరిచాను కూడా. అమ్మ కొంగు సర్దుకుంటూ "ఆకులే కదరా. ఆకులకేం దోషం?" అంది. తర్వాత చాలాసేపు కూర్చుని ఆలోచిస్తే తప్పు నాది కూడా అనిపించింది. మోకాళ్ల గోలి సంగతి బయటపడ్డ రోజు నేను ఆమెను అందరి ముందు ఎగతాళి చేశాను. ఇంక ఎవరు చెబుతారు?

జూలై 15

డబ్బా తీసుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లాం. ఇట్లాంటి చీటీ లేని పొడుల్లో షుగర్ గోలీలే నూరి కలిపినవి దొరికాయని చెప్పారు. మాది అదో, ఆకుల పనో తేల్చలేం. పొడి మాన్పించి, గోలీలో షుగర్‌ను మరీ దించేయగల గ్లిమెపిరైడ్ మోతాదు తగ్గించారు. మోకాళ్ల గోలి చూసి మాత్రం గట్టిగానే అన్నారు. రోజూ వేసుకుంటే బీపీని పెంచుతుంది, బీపీ మందు పనిని చెడగొడుతుంది, కిడ్నీలను దెబ్బతీస్తుంది. మూడు పనులూ ఒక్క గోలి. దాని బదులు కుర్చీలోంచి చేతులు ఆనించకుండా పది సార్లు లేచి కూర్చోవడం రోజుకు రెండు విడతలు, వేడి కాపడం, మరీ నొప్పి ఉంటే పారాసిటమాల్.

జూలై 22

ఆకుల మీద అమ్మకున్న నమ్మకాన్ని తిట్టి పోగొట్టలేం. అందుకని సర్కారు ఆయుర్వేద డిస్పెన్సరీకి తీసుకెళ్లాను. అక్కడి డాక్టర్ మేడం మా కాగితం మొత్తం చదివాకే నాడి పట్టుకున్నారు. ఆమె మొదట చేసిన పని లేహ్యం కొట్టేయడం. లేహ్యమంటేనే బెల్లం పాకమో చక్కెర పాకమో కదా అన్నారు. దగ్గు వస్తే అతిమధురం నమిలే అలవాటు ఉందా అని అడిగారు. ఉంది! బీపీ పెంచి పొటాషియాన్ని తగ్గించే వేరు అది, వద్దన్నారు. మెంతులు కూరలో, మజ్జిగలో వేసుకోండి, మందు మోతాదులో వద్దు, ఇప్పుడు వేసుకునే గోలి ఉండగా పొడపత్రి అసలే వద్దు అని రాసిచ్చారు. ఇద్దరు డాక్టర్లు ఒకరినొకరు చూసుకోలేదు గానీ ఒకే కాగితం మీద ఇద్దరి చేతిరాతా ఉంది ఇప్పుడు.

కుండీలో పొడపత్రి తీగ ఉంటే రెండు ఆకులు అడిగి తెచ్చుకున్నాను. మరుసటి రోజు తొమ్మిదో తరగతి ముందు ఒకటి నమిలి ఉమ్మేసి, నోట్లో చక్కెర వేసుకున్నాను. ఇసుక! పళ్ల కింద కరకర తప్ప తీపి లేదు. స్టాఫ్ రూములో టీ తాగితే ఒట్టి వగరు. అరగంటకు గానీ నాలుక దారికి రాలేదు. నాలుక మీద తీపి పట్టే చోట్లను మూసేస్తుందట ఆ ఆకు. ఇంత పని చేసే ఆకు ఒంట్లోకి పోయాక ఊరికే ఉంటుందా? రాత్రి రెండో ఆకు అమ్మకే ఇచ్చి, బెల్లం ముక్క పెట్టాను. నమిలి, మొహం చిట్లించి, "మట్టి తిన్నట్టుండాది. ఇది మందేరా, కూరాకు కాదు" అంది. నేను నెలంతా చెప్పినా అంత సూటిగా చెప్పలేను.

ఆగస్టు 3 నుంచి 20

నాకు ఇష్టమైన భాగం ఇది. రాత్రి ఏడున్నరకు భోజనం, తొమ్మిదిన్నరకు రీడింగు. ఒక్కో పద్ధతి మూడు రాత్రులు.

అమ్మ మామూలుగా పెట్టుకునే సంగటి ముద్దను కాటా మీద పెడితే 420 గ్రాములు. సగానికి సగం బియ్యం నూక. "నువ్వు తూకమేసి పెట్టేదానికి నేనేమన్నా బంగారమా?" అంది. తిన్న రెండు గంటలకు సగటు 241.

రాగి సంగటి తింటే షుగర్ రాదన్నది మా వీధిలో అందరి మాట. హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ పట్టికలు తీసి చూశాను. వంద గ్రాముల బియ్యంలో పిండిపదార్థం 78 గ్రాములు, రాగుల్లో 67. తేడా ఉంది గానీ మరీ అంత లేదు. పీచు మాత్రం బియ్యంలో 3 లోపు, రాగుల్లో 11. కాల్షియంలో రాగులకు సాటి లేదు. అంతే, అది మంచి ధాన్యం, మందు కాదు. ముద్ద పెద్దదైతే రాగీ బియ్యమే అవుతుంది.

రెండో పద్ధతి: ముద్ద 220 గ్రాములు, నూక పావు వంతు, పక్కన తోటకూర కందిబేడల పప్పు రెండింతలు. 194.

మూడోది: అదే భోజనం, కానీ వరస మార్చి. ముందు పప్పూ కూరా సగం, చివర సంగటి. 178. ఇది మా అమ్మకు వింతగా ఉంది. ఒట్టి పప్పు తాగడం రోగిష్టివాళ్ల పని అని ఆమె లెక్క.

నాలుగోది: మూడోదే, తిన్న పావుగంటకు మిద్దె మీద పదిహేను నిమిషాల నడక. 159. నడిచే కండలు రక్తంలో చక్కెరను లాక్కుంటాయని పుస్తకంలో చదవడం వేరు, స్ట్రిప్పు మీద చూడడం వేరు. మూడేసి రాత్రులతో ఏదీ రుజువైనట్టు కాదు, పిల్లలు ఇట్లాంటి రికార్డు తెస్తే నేనే వెనక్కి పంపుతాను. కానీ దారి ఎటో తెలుస్తోంది.

మధ్యలో 8వ తేదీ వరమహాలక్ష్మి వ్రతం. ఓళిగలు, అంటే బొబ్బట్లు. అమ్మ మూడు తిన్నది, పైన నెయ్యి. రీడింగు 287. ఆ రాత్రి ఎవరమూ ఏమీ అనలేదు. తనే పుస్తకం తెరిచి ఆ అంకె పక్కన "ఓళిగలు" అని రాసి పెట్టింది.

కొర్ర అన్నం మూడు రోజులు పెట్టి మానేశాం. గొంతు దిగదంటుంది. నాలుగు గంటలు నానబెట్టి వండితే నాకు బాగానే ఉంది. ఎవరి ముద్ద వాళ్లది.

సెప్టెంబర్ 14

మూడు నెలల రీడింగు. హెచ్‌బీఏ1సీ 8.6 నుంచి 7.9. వారం సగటు బీపీ 139/82. ఉప్పు రెండో ప్యాకెట్ 31 రోజులొచ్చింది.

ఇంకోటి తేలింది. అమ్మకు ఏడాదిగా అరికాళ్లలో చీమలు పాకినట్టు ఉంటోంది. షుగర్ నరాలకు పట్టింది, ఇంక అంతే అనుకున్నాం. కాగితంలో మెట్‌ఫార్మిన్ పక్కన "11 ఏళ్లు" అని ఉండడం చూసి డాక్టర్ గారు బీ12 పరీక్ష రాశారు. ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడితే బీ12 తగ్గుతుందట. మాంసం ముట్టని అమ్మకు మరీను. 168 వచ్చింది, 200 కన్నా తక్కువ. బీ12 మొదలుపెట్టారు. చీమలు పూర్తిగా పోతాయని ఆయన మాట ఇవ్వలేదు.

ఆ రోజే పాదాలు కూడా చూశారు. నైలాన్ దారం లాంటి పుల్లతో అరికాళ్లను పది చోట్ల తాకి, కళ్లు మూసుకున్న అమ్మను "తగిలిందా?" అని అడిగారు. రెండు చోట్ల తెలియలేదు. ఇక వాకిట్లోకి కూడా చెప్పుల్లేకుండా పోవద్దన్నారు. రాత్రి పడుకునే ముందు నా కూతురు అద్దం పట్టుకుని అవ్వ అరికాళ్లు చూస్తోంది. మొదటి వారంలోనే మడమ పక్కన ముల్లు దొరికింది. ఎప్పుడు గుచ్చుకుందో అమ్మకు తెలియదు.

అక్టోబర్ 27

కార్తీక సోమవారం. నలభై ఏళ్లుగా ఉపవాసం మానలేదు, ఇప్పుడు మాన్పించడం నా వల్ల కాదు. ముందే డాక్టర్‌ను అడిగి పెట్టుకున్నాం: ఆ పొద్దు గ్లిమెపిరైడ్ ఉన్న గోలి వేయొద్దు, మూడు సార్లు వేలు గుచ్చి చూడాలి, 70కి వస్తే దేవుడికి చెప్పి తినేయాలి. ఇది మా అమ్మకు, ఆమె అప్పటి రీడింగులు చూసి చెప్పిన మాట. వేరేవాళ్లు వాళ్ల డాక్టర్‌ను అడగాలి. పగలు 112, 98, 94. సాయంత్రం దీపం పెట్టి తిన్నది. ఉపవాసం కన్నా పారణ కష్టం: ఆకలి మీద ముద్ద సైజు మర్చిపోయింది, 226.

డిసెంబర్ 13

అమ్మ 7.5. బీపీ 136/80. మోకాళ్ల గోలి ఆగస్టు తర్వాత మూడే సార్లు. కుర్చీలోంచి లేవడం ఇప్పుడు పదిహేను. చలికాలం కదా, సజ్జ రొట్టె కావాలంటోంది, చేస్తున్నాం. అరికాళ్లలో చీమలు సగం తగ్గాయంటుంది, ఒక్కోరోజు తగ్గలేదంటుంది. ఆరు నెలల్లో దిగిన 1.1లో సంగటి ఎంత, నడక ఎంత, గోలీలు వేళకు వేసుకోవడం ఎంత అంటే విడదీసి చెప్పలేను. అన్నీ ఒకేసారి మార్చినవాడికి ఆ లెక్క దొరకదు.

నాది 6.0. ఆరు నెలలకు తగ్గింది 0.1. ఇంటి లెక్క రాసినవాణ్ని స్టాఫ్ రూములో నాలుగు టీలు, ఇంటర్వెల్ బోండా లెక్క రాయలేదు. ఆర్ట్స్ కాలేజీ గ్రౌండులో పొద్దున నడుస్తానని జూన్‌లో రాసుకున్నది వారానికి రెండు రోజులు దాటలేదు. జనవరి నుంచి ఫ్రిజ్ మీద నాకూ ఒక కాగితం పెడతానని నా భార్య అంటోంది.

ఉప్పు ప్యాకెట్ ఈసారి 38 రోజులు. మనిషికి 6.6 గ్రాములు.

మిగిలిన పని: అమ్మకు కంటి వెనక పొర పరీక్ష. చుక్కలు వేస్తే కొన్ని గంటలు మసకగా ఉంటుందట, ఒంటరిగా పంపకూడదు. వచ్చే శనివారం పొద్దున్నే ఆటో చెప్పాలి, చలువ కళ్లద్దాలు వెతకాలి. కాగితం కొత్తగా రాయాలి, పాతది నూనె మరకలతో చదవడానికి లేదు.